తుంటి కీలు కథ: దంతపు బంతి నుంచి ప్లాస్టిక్ గిన్నె దాకా

1891 ఫిబ్రవరిలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి నాగ్‌పూర్-అసన్‌సోల్ మార్గంలో బిలాస్‌పూర్ మీదుగా సరుకుల బండ్లు నడవటం మొదలైంది. దాదాపు అదే కాలంలో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లూక్ అనే శస్త్రవైద్యుడు ఏనుగుదంతంతో తుంటి కీలు తయారుచేసి మనిషి ఒంట్లో అమర్చాడు. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని రైల్వే ఇంజనీరు ముందూ, వైద్యుడి ముందూ ఉన్న ప్రశ్న ఒక్కటే: బరువు మోస్తూ తిరిగే చోట అరుగుదలను తగ్గించడం ఎలా?

ఆ రైల్వే కంపెనీయే వాల్తేరు దాకా బండ్లు నడిపింది. 1931లో విజయనగరం-రాయపూర్ మార్గం కూడా పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వెళ్లిన కుటుంబాలవారు బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఈనాటికీ ఉన్నారు. అలాంటి ఇంట్లో అరవై ఏళ్ల అమ్మమ్మను ఊహించుకోండి. తెల్లవారగానే వాకిట్లో వంగి ముగ్గు వేయాలి. కత్తిపీట ముందు కూర్చుని కూర తరగాలి. సొంత ఊరికి వెళ్లాలంటే స్టేషన్‌లో వంతెన మెట్లెక్కి, బోగీలోకి ఎక్కాలి. ఈ పనులన్నిటి భారమూ తుంటి కీలు మీదే పడుతుంది.

కీలు లోపల ఏముంది?

తుంటిది బంతిగిన్నె కీలు. తొడ ఎముక పైకొన గుండ్రని బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నని మృదులాస్థి పొర, మధ్యలో కందెనలాంటి ద్రవం ఉంటాయి. ఆరోగ్యమైన కీలులో ఘర్షణ, మంచు మీద మంచు జారేటప్పటి ఘర్షణ కన్నా తక్కువ. ఈ మృదులాస్థి పలచబడి, ఎముక అంచులు పెరిగి, కీలు బిగుసుకుపోవడమే ఆస్టియో ఆర్థ్రైటిస్. మొదట తగ్గేది కాలిని లోపలికి తిప్పే శక్తి. తర్వాత వంగడం కష్టమవుతుంది. నొప్పి సాధారణంగా గజ్జలో ఉంటుంది. అయితే తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉండటం వల్ల ఒక్కోసారి మోకాలే నొప్పి పుడుతుంది. మోకాలికి ఎంత మందు రాసినా తగ్గదు, లోపం పైన ఉంది కనుక.

నడకను లెక్కగట్టినవారు

తుంటి జబ్బు ఉన్నవారు పక్కకు ఊగుతూ ఎందుకు నడుస్తారో 1895లో జర్మన్ వైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ వివరించాడు. ఒంటికాలిపై నిలబడినప్పుడు ఆ కాలి వైపు పిరుదు కండరాలు కటిని సమంగా పట్టి ఉంచాలి. అవి బలహీనపడితే రెండో పక్క కిందికి వాలిపోతుంది.

1935లో ఫ్రెడరిక్ పావెల్స్ దీనికి తులాదండం సూత్రాన్ని అన్వయించాడు. శరీరపు బరువు కీలుకు దూరంగా పనిచేస్తుంది. కండరం దగ్గరగా లాగుతుంది. కాబట్టి కండరం చాలా ఎక్కువ బలంతో లాగాలి. ఫలితంగా అడుగు వేసిన ప్రతిసారీ కీలు మీద మన బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్ల భారం పడుతుంది. అంటే 60 కిలోల మనిషి కీలు 150 కిలోలకు పైగా మోస్తుందన్నమాట. కృత్రిమ కీలులో కొలత పరికరాలు అమర్చి చేసిన పరిశోధనలు తర్వాత ఈ లెక్కను బలపరచాయి. కాలు తడబడి తూలితే భారం ఏడెనిమిది రెట్ల దాకా పెరగవచ్చని కూడా తేలింది.

ఇప్పుడు రైలు ఎక్కడాన్ని గమనించండి. బోగీ నేల పట్టాల మీది నుంచి సుమారు 1.3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎత్తయిన ప్లాట్‌ఫారం 0.84 మీటర్లకు మించదు. మిగిలిన దాదాపు అర మీటరును ఒంటికాలి బలంతోనే ఎక్కాలి.

ఇదే సూత్రం ఉపాయాన్నీ చూపిస్తుంది. 1956లో అమెరికా వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ చేతికర్రను చిన్నచూపు చూడవద్దని వాదించాడు. అయితే కర్రను నొప్పి ఉన్న తుంటికి ఎదుటి వైపు చేత్తో పట్టుకోవాలి. అక్కడ కర్ర కీలుకు దూరంగా ఉంటుంది కనుక కొద్దిగా ఆనినా కండరానికి చాలా శ్రమ తప్పుతుంది.

మగ్గం పళ్లచక్రం నుంచి కీలులోకి

గ్లూక్ దంతపు కీళ్లు సూక్ష్మజీవులు సోకి విఫలమయ్యాయి. తర్వాత గాజు, ఉక్కు, ఆక్రిలిక్ ప్లాస్టిక్ ప్రయత్నించారు. నిలకడైన విజయం ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రి వైద్యుడు జాన్ చార్న్లీది. ఆయన మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. సుమారు 300 మందికి అమర్చాక అవి రెండు మూడేళ్లలోనే అరిగిపోయాయి. వాటిని తీసేసే బాధ్యత కూడా ఆయనే మోశాడు.

అంతలో బట్టల మగ్గాల పళ్లచక్రాలకు వాడే గట్టి పాలిథిలీన్ ముక్క ఒకటి ఆసుపత్రికి వచ్చింది. చార్న్లీ దాన్ని గోటితో గీరి చూసి పెదవి విరిచాడు. ఆయన సహాయకుడు హారీ క్రేవెన్ మాత్రం దాన్ని యంత్రంపై పరీక్షకు పెట్టాడు. మూడు వారాలు రాత్రింబవళ్లు రాపాడించినా, టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అది అరగలేదు. 1962 నవంబరులో ఆ ప్లాస్టిక్ గిన్నెతో శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. 2007లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం దీన్ని శతాబ్దపు శస్త్రచికిత్స అని కొనియాడింది.

ఒక చిక్కు మిగిలింది. ఘర్షణ ప్రభావం తగ్గాలని చార్న్లీ తన లోహపు బంతిని సుమారు 22 మిల్లీమీటర్లకు కుదించాడు. బంతి చిన్నదైతే, కాలు బాగా వంగినప్పుడు గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఎక్కువ. కుర్చీ మీద జీవితం గడిచే దేశంలో అది ఇబ్బంది కాకపోవచ్చు. గొంతుక్కూర్చోవాలంటే తుంటి వంగగలిగినంతా వంగాలి. తర్వాత పెద్ద బంతులు వచ్చి ముప్పు తగ్గింది. అయినా నేల మీద కూర్చోవచ్చా లేదా అన్నది ఆపరేషన్ చేసిన వైద్యుడే చెప్పాలి.

స్త్రీల సంగతి

పుట్టుకతో తుంటి గిన్నె లోతు తక్కువగా ఉండటం ఆడపిల్లల్లో అనేక రెట్లు ఎక్కువ. అలాంటి కీలు తొందరగా అరుగుతుంది. బిడ్డ కాళ్లను చాచి బిగించి చుట్టడం దీనికి కీడు. మన తల్లులు కాళ్లు ఎడంగా ఉంచి చంకనెత్తుకోవడం మేలు.

బిలాస్‌పూర్ ప్రాంతంలో ఇంకో కారణమూ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువ. కొడవలిలా వంగిన రక్తకణాలు నాళాలకు అడ్డుపడితే, తొడ ఎముక బంతికి రక్తం అందక అది కుంగిపోతుంది. అప్పుడు ఇరవై ఏళ్లకే ముసలి కీలు వస్తుంది. 2023 జూలై 1న ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది బిలాస్‌పూర్-కట్నీ రైలు మార్గంలోని శహడోల్‌లోనే.

చికిత్స ఉన్నా అందరికీ సమంగా అందడం లేదు. 2000లో ప్రచురితమైన కెనడా పరిశోధన ఒకటి తుంటి, మోకాలి కీళ్ల మార్పిడిని పరిశీలించింది. అవసరం ఉండీ ఆపరేషన్ జరగకపోవడం పురుషులలోకన్నా స్త్రీలలో మూడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. వైద్యుడితో ఆ మాట ఎత్తిన స్త్రీలూ తక్కువే.

మీ ఇంట్లో ఎవరైనా కొంతకాలంగా ముగ్గు మానేశారా? కాలివేలికి మెట్టె పెట్టుకోలేకపోతున్నారా? రైలు ప్రయాణం వద్దంటున్నారా? వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. మోకాలితో పాటు తుంటిని కూడా పరీక్షించమని వైద్యుణ్ణి అడగండి. చాలాసార్లు ఒక ఎక్స్‌రేతో సంగతి తేలుతుంది.