కొణతాలు కాచిన ఇళ్లు

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాడులోని కారెంపూడి దారులు కొణతాలతో నిండిపోతాయి. పల్నాటి వీరుల పేరు మీద తరతరాలుగా పూజలందుకుంటున్న ఆయుధాలే కొణతాలు. వాటిలో చాలావాటికి ఏడాది పొడవునా చోటు ఇంట్లోనే, దేవుడి పటాల సరసన. కొలువు తీరేది మాత్రం కారెంపూడి వీర్ల గుడి దగ్గర, వీరుల ఉత్సవం జరిగే అయిదు రోజులే.

12వ శతాబ్దం చివర్లో గురజాల నలగామరాజుకూ మాచర్ల మలిదేవాదులకూ మధ్య రేగిన దాయాదుల పోరు కారెంపూడి నేల మీదే ముగిసింది. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. శ్రీనాథుడి పేరు మీద చెలామణీలో ఉన్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. పుస్తకం ఎరగని ఊళ్లలో ఆ కథను బతికించింది వీరవిద్యావంతుల గొంతు. వారిలో అలిసెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోగేర్ అనే పరిశోధకుడు ఇంగ్లీషులోకి తెచ్చారు. 1982లో అది ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడింది.

రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఉత్సవంలో ఒక్కో రోజుకు ఒక్కో ఘట్టం పేరు. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు కొణతాలను భుజాన పెట్టుకుని వస్తారు. నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండలు చుట్టి ఊరేగిస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే పసుపు పూత సందుల్లోంచి నల్లటి ఇనుము కనబడుతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దం వెనక ఉన్న కత్తికి పక్కనే ఒక చీటీ ఉంటుంది. కొణతానికి చీటీ లేదు, దాన్ని మోసే కుటుంబం ఉంది. ఇది ఏ వీరుడిదని అడిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లే. బ్రహ్మనాయుడిది నరసింహకుంతమని, కన్నమదాసుది భైరవఖడ్గమని కథ ఆయుధాలకు కూడా పేర్లు పెట్టింది. ఆ పేర్ల వరసలో మరో సంగతి బయటపడుతుంది. బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసు మాల కులస్థుడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి తమ్ములుగా నిలిచినవారిలో బ్రాహ్మణుడు, కుమ్మరి, మంగలి, చాకలి ఉన్నారు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన చాపకూడు ఊరికే పుట్టలేదు. ఏ కొణతం ఎవరిదో తెలిస్తే ఆ పంక్తిలో ఎవరెవరు కూర్చున్నారో తెలుస్తుంది. నా దృష్టిలో ఆ ఇనుము విలువంతా ఇందులోనే ఉంది.

వయసు సంగతి వేరు. ఇనుము తేమకు తుప్పు పడుతుంది, కర్రపిడి పుచ్చుతుంది. ఎనిమిది వందల ఏళ్లు ఒకే అలుగు, ఒకే పిడి నిలవడం కష్టం. అలుగు ఆకారం, పిడి బిగించిన తీరు, సుత్తిదెబ్బల జాడ చూస్తేగానీ ఏది ఏ కాలానిదో తేలదు. పిడి తర్వాతి కాలానిదని తేలినంత మాత్రాన మొక్కు చిన్నబోదు. ఎందుకంటే పోరులో పడ్డవారిని తలచుకోవడం ఈ సీమకు పల్నాటి యుద్ధం కంటే పాత అలవాటు. మాచర్లకు దగ్గరలోని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ఛాయాస్తంభాలు దొరికాయి. వాటిలో కొన్ని యుద్ధంలో చనిపోయిన యోధుల జ్ఞాపకంగా నిలిపినవి.

వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులను 1972 చట్టం పురావస్తువులుగా లెక్కిస్తుంది. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. కానీ ఇంట్లోని పెద్దవారితో పాటు వెళ్లిపోయే మాటను ఏ చట్టమూ ఆపలేదు.

కాబట్టి కొణతం ఉన్న ప్రతి ఇంటికీ ఒక విన్నపం. వచ్చే కార్తీకానికి ముందే దాన్ని రెండు వైపులా ఫోటో తీయండి. పొడవు కొలవండి. వీరుడి పేరు, మీ ఇంటికి అది చేరిన దారి, మోసిన పెద్దల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. మెరుపు కోసం యాసిడ్ పెట్టి తోమకండి, పాత జాడలు పోతాయి. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆ ఫోటోలను, ఆ మాటలను ఒకచోట పెట్టి అందరికీ చూపించే పని ఇక జిల్లా యంత్రాంగం తలకెత్తుకోవాలి. ఆయుధాలు మాత్రం ఆ ఇళ్లలోనే ఉండనివ్వాలి.