చెన్నపురి అర్థశాస్త్ర విద్యయు, తెలుగువారును

మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో నెలకొన్నను, అందు భారత అర్థశాస్త్రమునకు ఆచార్యపీఠ మేర్పడుటకు 1915 రావలసి వచ్చెను. దాని నధిష్ఠించిన ప్రథమాచార్యుడు గిల్బర్టు స్లేటరు. ఆయన విద్యార్థులకు ప్రశ్నావళి నిచ్చి పల్లెలకు పంపెను. భూమి యెవ్వరిది, కూలి యెంత, అప్పు ఎవ్వరికి ఎంత యున్నది అని వారు ఇల్లిల్లు తిరిగి వ్రాసికొని వచ్చిరి. ఆ ఫలితములు 1918లో గ్రంథరూపమున వెలువడెను. నాటి కృష్ణా మండలమందలి ఊనగట్లయు, రామనాథపుర మండలమందలి వడమలైపురమును అం దున్నవి. పి. జె. థామసు, కె. సి. రామకృష్ణనులు 1936-37లో ఆ పల్లెలనే మరల పరిశీలింపగా, ఇరువదియేండ్ల మార్పు కన్నుల కగపడెను.

రామనాథపుర సీమలోని కరిసల్ నేలపై శతాబ్దులుగా ప్రత్తి పండించుచున్న రెడ్లు, కమ్మవారు, నాయకరులు ఇంట తెలుగు పలుకువారే. వారి సేద్యము, ఋణములు ఇట్లు విశ్వవిద్యాలయపు పాఠ్యాంశము లయ్యెను. కాని గ్రంథము ఆంగ్లమున నుండుటచే, జవాబులు చెప్పిన రైతులలో పెక్కురకు అది అందని ద్రాక్షయే.

ఈ లోపమును తీర్పబూనినవారిలో ఆచార్య ఎన్. జి. రంగా ముఖ్యులు. 1900లో నిడుబ్రోలున జన్మించి, ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రము చదివి, చెన్నపురి పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. చేమగ్గముల ఆర్థికస్థితిపై వారి గ్రంథము 1930లో వెలువడెను. సాహుకారు నూలు అప్పుగా నిచ్చును. నేసిన బట్టను తానే పుచ్చుకొనును. బాకీ తీరక నేతగాడు అతనికే కట్టుబడి యుండును. తమిళదేశమున స్థిరపడిన తెలుగు నేతకుటుంబములకు ఈ చిట్టా ఆవర్జాల కథ యొకరు చెప్పవలసిన పని లేదు. అయినను దానిని శాస్త్రముగా వ్రాయుట వేరు. రంగా కొలువు విడిచి స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించిరి. 1930వ దశకమున నిడుబ్రోలులో రైతులకే విద్యాలయమును నెలకొల్పి అర్థశాస్త్రమును వారి చెంతకు జేర్చిరి.

ఉద్యోగార్థులకు ఈ చదువు కళాశాల, బ్యాంకు, ప్రభుత్వసేవ అను మూడు బాటలు చూపెను. మూడవ బాటన నడచినవారిలో కడప మండలమున 1941లో జన్మించిన వై. వి. రెడ్డి గారు గణనీయులు. మద్రాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమున ఎం. ఏ. పట్టమునంది, 1964లో ఐ. ఏ. ఎస్. చేరి, 2003 నుండి 2008 వఱకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా నుండిరి. ఇండ్లస్థలముల వ్యాపారమునకు బ్యాంకు లిచ్చు అప్పులపై వా రప్పుడు బిగించిన కట్టుబాట్లు పలువురకు రుచింపలేదు. 2008లో అమెరికా బ్యాంకులు కూలిన పిమ్మట ఆ జాగ్రత్తనే లోకము మెచ్చుకొనెను.