పిల్లల తలకు దెబ్బ: ఒక నిర్ణయం వెనుక చరిత్ర

ప్రవేశిక

ఈ పాఠాలు చదివేవారిలో చాలామంది పిల్లల తల్లులు, తండ్రులు. అందుకే ఈ భాగాన్ని మీ ఇంట్లో జరిగే సంఘటనతో మొదలుపెడతాను. పిల్లవాడు మంచం మీద నుంచి పడతాడు. నుదుట బొప్పి కడుతుంది. ఒకరు తడిగుడ్డ పెట్టమంటారు, మరొకరు దిష్టి తీయమంటారు. ఆస్పత్రికి తీసుకుపోవాలా, అక్కర్లేదా అన్నది తేలదు. ఈ ప్రశ్నకు సుమారు 3,600 ఏళ్ల చరిత్ర ఉంది. వైద్యుల దృష్టి గాయం మీద నుంచి గాయపడ్డ మనిషి మీదకు ఎలా మళ్లిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ప్రాచీన కాలం

1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఈజిప్టులోని లక్సర్‌లో ఒక పపైరస్ చుట్ట కొన్నాడు. అది క్రీ.పూ. 1600 ప్రాంతంలో రాసిన ప్రతి. అందులోని 48 కేసుల్లో మొదటి 27 తల గాయాలకు సంబంధించినవి. వైద్యుడు గాయాన్ని వేలితో తడిమి చూడాలి. ముక్కు, చెవుల నుంచి రక్తం వస్తోందా, మెడ బిగుసుకుందా, మాట పడిపోయిందా అని గమనించాలి. ఆ తరువాత మూడు తీర్పుల్లో ఒకటి చెప్పాలి: నేను నయం చేస్తాను, నేను పోరాడి చూస్తాను, దీనికి చికిత్స లేదు. రోగులను తీవ్రతను బట్టి వేరుచేసే నేటి పద్ధతికి మూలం ఇక్కడ కనిపిస్తుంది.

తరువాత గ్రీకులు, హిప్పొక్రాటిస్ పేరిట వచ్చిన తల గాయాల గ్రంథంలో, పుర్రె పగుళ్లను రకాలుగా విభజించారు. అయితే అక్కడ ప్రధాన దృష్టి ఎముక మీదే. ఎముక చిట్లకపోతే ప్రమాదం లేదన్న భావన జనంలో చాలాకాలం నిలిచింది.

"బాగానే ఉన్నాడు" అన్న మాయ

నా చిన్నతనంలో మా ఊళ్లో నాతో చదివే పిల్లవాడు చింతచెట్టు మీద నుంచి పడ్డాడు. తనే లేచి ఇంటికి నడిచి వెళ్లాడు, అన్నం తిన్నాడు. తలనొప్పిగా ఉందని పడుకున్నాడు. సాయంత్రం లేపితే లేవలేదు. గాలి సోకిందన్నారు. అప్పుడు ఏం జరిగి ఉంటుందో వైద్య చరిత్ర చదివేటప్పుడు గాని నాకు తట్టలేదు.

18వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు జాన్ లూయీ పెటీ ఒక తేడాను గుర్తించాడు. దెబ్బ తగిలిన వెంటనే స్పృహ తప్పితే అది మెదడు అదురు. కాసేపు బాగానే ఉండి తరువాత మత్తులోకి జారితే, లోపల రక్తం చేరి మెదడును నొక్కుతోందని అర్థం. పైన బొప్పి చిన్నదే కావచ్చు. కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది, దాని లోపలి వైపు రక్తనాళం పోతుంది. అది తెగితే పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డకడుతుంది. ఇలాంటి స్థితిలో ప్రతి గంటా విలువైనదే.

కొలతలు, యంత్రాలు

1895లో రాంట్జన్ కనుగొన్న ఎక్స్‌రే ఎముకను చూపింది గాని మెదడును చూపలేదు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో తొలిసారి ఒక రోగికి సి.టి. స్కాన్ తీశారు. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు స్పృహను కొలిచే స్కేలు ప్రకటించారు. కళ్లు తెరవడం, మాట, కదలిక అనే మూడింటిని చూసి లెక్కవేస్తే, పూర్తి స్పృహకు 15, అతి తక్కువకు 3 వస్తుంది. దీనికి ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు.

మన దేశంలో 1949లో వేలూరులో జాకబ్ చాందీ నాడీశస్త్రవైద్య విభాగం ప్రారంభించారు. చాలా ఊళ్లకు మాత్రం పెద్దాస్పత్రి దూరంగానే ఉండిపోయింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ ఆ దూరాన్ని కొంత తగ్గించింది.

తల్లి మాటకు దక్కిన స్థానం

స్కాన్ వచ్చాక మరో సమస్య పుట్టింది. దాని కిరణాలు ఎదిగే పిల్లలకు పూర్తిగా నిరపాయం కావు. మరి ఎవరికి తీయాలి? ఉత్తర అమెరికాలోని 25 అత్యవసర విభాగాల్లో కుపర్‌మాన్ బృందం 42,412 మంది పిల్లలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించింది. వారిలో తీవ్రమైన మెదడు గాయం తేలింది 376 మందికి, అంటే నూటికి ఒకరికన్నా తక్కువ. చాలామందికి స్కాన్ అవసరం లేదని లక్షణాలను బట్టే చెప్పవచ్చని తేలింది. రెండేళ్లలోపు పిల్లల విషయంలో ఆ లక్షణాల్లో ఒకటి మనం గుర్తుంచుకోదగినది: "వాడు ఎప్పటిలా లేడు" అని తల్లి గాని తండ్రి గాని చెప్పడం. ఇంటి మనిషి గమనింపు శాస్త్రంలో సాక్ష్యంగా నిలిచింది.

మీరు గుర్తుంచుకోవలసినవి

దెబ్బ తగలగానే ఏడ్చి, కాసేపట్లో ఆటలో పడిన పిల్లవాడికి చల్లని గుడ్డ పెట్టి ఒక రోజంతా కనిపెట్టి ఉంటే సాధారణంగా చాలు. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకూడదు:

* కొద్దిసేపైనా స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం
* మళ్లీమళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి
* లేపినా లేవని మత్తు, తడబడే మాట లేదా నడక
* ముక్కు, చెవుల నుంచి రక్తం లేదా నీరులాంటి ద్రవం
* రెండేళ్లలోపు పిల్లలకు తల పక్కన లేదా వెనుక బొప్పి
* ఎత్తు నుంచి పడడం, వాహనం ఢీకొనడం

ఏడాది నిండని పసిపిల్లలకు తలకు దెబ్బ తగిలితే వైద్యునికి చూపించడమే మేలు. దెబ్బ తగిలిన పిల్లలను నిద్రపోనివ్వకూడదని మన ఇళ్లలో అంటారు. ఆ మాట వెనుక ఉన్న భయం సరైనదే. అయితే పిల్లవాడు మామూలుగా ఉంటే, వేళకు వచ్చే నిద్రలో తప్పు లేదు. మధ్యలో లేపి, మనల్ని గుర్తుపడుతున్నాడో లేదో చూస్తే చాలు.

ఈజిప్టు వైద్యుడు గాయాన్ని వేలితో తడిమి, రోగి మాటను గమనించి తీర్పు చెప్పాడు. నేటి వైద్యుడూ మొదట చేసేది అదే. ఆ పరిశీలన మీ ఇంట్లో మీ చేతుల్లోనే మొదలవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పపైరస్‌లోని మూడు తీర్పులను నేటి అత్యవసర చికిత్సా విధానంతో పోల్చండి.
2. స్కాన్ అందుబాటులోకి వచ్చాక కూడా లక్షణాల పరిశీలనకు ప్రాధాన్యం ఎందుకు తగ్గలేదు?