ఉగ్గాని పొద్దు, సంగటి మధ్యాహ్నం

పొద్దున ఆరున్నర. అనంతపురంలో టవర్ క్లాక్ దాటి పాతూరు సందుల్లోకి తిరిగానో లేదో, పోపు ఘాటు ముక్కుకు తగిలింది. వెతకాల్సిన పని లేదు, వాసన వెంట నడిస్తే చాలు.

బోర్డు లేని హోటల్. రేకుల పంచ, రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు, గోడ వారగా మూతి విప్పిన బొరుగుల బస్తా. కొత్త ఊళ్లో తిండి దగ్గర నేను చూసే గుర్తు ఒకటుంది. వచ్చినవాళ్లు ఏమున్నాయని అడక్కుండా కూర్చుంటున్నారంటే ఆ హోటల్ మంచిదే. ఇక్కడ ఎవరూ అడగడం లేదు. ఆటోవాళ్లు, మార్కెట్‌కు పోయే రైతులు, బడికెళ్లే పిల్లకు క్యారియర్ కట్టించుకుంటున్న తండ్రి, అందరి ముందూ అదే పసుపురంగు ప్లేటు.

"ఏమప్పా, ఉగ్గానేనా?" పొయ్యి దగ్గరి పెద్దావిడ తల తిప్పకుండానే అడిగింది.

"ఉగ్గానేనమ్మా. బజ్జీ కూడా పెట్టండి."

"బజ్జీ లేకుండా ఎవురు తింటారప్పా!"

బల్ల దగ్గరికి పోకుండా పొయ్యి పక్కనే నిలబడ్డాను. ఉగ్గాని రుచంతా ఆవిడ చేతుల్లో ఉంది. బస్తాలోంచి చేటెడు బొరుగులు తీసి నీళ్ల గంగాళంలో పోసింది. అవి తేలిపోతుంటే అరచేత్తో ఒకసారి లోపలికి అదిమింది, అంతే. మరుక్షణం రెండు చేతులా ఎత్తి, గట్టిగా పిండి, పక్క పళ్లెంలో వేసింది. ఒక్క క్షణం ఆలస్యమైతే ముద్దయిపోతాయి, ముందే తీస్తే లోపల పొడిగా ఉండిపోతాయి. ఆ కొలత చెప్పడానికి గడియారం పనికిరాదు. కడాయిలో అప్పటికే ఆవాలు చిటపటలాడి, కరివేపాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గి, పసుపు పడింది. పిండిన బొరుగులు అందులో పడగానే చుయ్యిమని ఆవిరి లేచింది. గరిటెతో రెండు తిప్పులు. పైన పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి దంచిన పొడి రెండు గుప్పెళ్లు. కొత్తిమీర. నిమ్మకాయ పిండింది. పక్క పొయ్యి మీద కుర్రాడు పొడుగు మిరపకాయల్ని వాము కలిపిన శనగపిండిలో ముంచి నూనెలో జారవిడుస్తున్నాడు.

మొదటి ముద్దకు ముందు నిమ్మ పులుపు, వెనకే పుట్నాల పొడి కమ్మదనం. బొరుగులు మెత్తబడ్డాయి, కానీ ఏ గింజకు ఆ గింజ విడిగానే ఉంది. ఒక ముద్ద ఉగ్గాని, ఒక కొరుకు బజ్జీ. బజ్జీ పైపొర కరకరలాడి, లోపలి మిరపకాయ మెత్తగా, వేడిగా నాలుకను అంటింది. నేను కృష్ణా డెల్టావాణ్ని. సీమ తిండంటే కారమే అని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఈ ప్లేటులో కారం ఉంది కానీ పెత్తనం దానిది కాదు. పులుపూ కమ్మదనమూ ముందు నడుస్తుంటే అది వెనక వస్తోంది. మా వైపు ఆవకాయ అన్నం ఇంతకంటే గట్టిగా మండుతుంది.

ఎదురుగా కూర్చున్నాయన బళ్ళారి నుంచి బట్టల పని మీద వచ్చాడట. "మా ఊర్లోనూ పొద్దున ఇదే సార్. మండక్కి అంటాం, మిర్చి పక్కన ఉండాల్సిందే" అన్నాడు. ఉండకేం? 1882లో విడదీసేదాకా అనంతపురం బళ్ళారి జిల్లాలోదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. సరిహద్దు గీసినవాళ్లు పొయ్యిల జోలికి రాలేదు. ఇద్దరం ఒకే బల్ల మీద ఒకే తిండి తిని లేచాం. అప్పటికే పెద్దావిడ బస్తా మూతి కట్టేస్తోంది. తొమ్మిది కొట్టేసరికి ఇక్కడ టీ తప్ప మరేమీ దొరకదట.

మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ నెత్తిన కొడుతోంది. బస్టాండుకు కాస్త దూరంలో ఒక మెస్సు. గుమ్మంలో చెప్పులు చూస్తే లోపల చోటు లేదని తెలుస్తోంది. కాసేపు నిలబడితే గోడ పక్క బల్ల మీద ఒక మనిషి సందు దొరికింది. అరిటాకు పరిచారు, నీళ్లు చల్లారు, నన్నేమీ అడగకుండా ఆకు మధ్యలో రాగిసంగటి ముద్ద పెట్టేశారు. ఆవిరి కక్కుతోంది. ముదురు గోధుమరంగు మీద నెయ్యి మెరుస్తోంది, లోపల మెత్తగా ఉడికిన బియ్యం మెతుకులు తెల్లగా కనిపిస్తున్నాయి.

వంటింటి తలుపు తెరిచే ఉంది. తెడ్డు చేతబట్టి ఒకాయన నిలబడి గెలుకుతున్నాడు, మరొకడు డేగిసా కదలకుండా గుడ్డలతో అదిమి పట్టుకున్నాడు. బియ్యం బాగా ఉడికాక రాగిపిండి గుట్టగా పోసి, కదపకుండా మూత పెట్టి మగ్గనిస్తారు. ఆ తర్వాతే తెడ్డు దిగుతుంది. పిండి ఉండ కట్టకుండా, అడుగంటకుండా గెలకడానికి భుజబలం కావాలి. ఆయన చొక్కా వీపంతా తడిసి అతుక్కుపోయింది. ఈ పనికి తగ్గ గౌరవం దక్కుతోందని నేననుకోను. బిర్యానీ వండేవాడికి పేరొస్తుంది, సంగటి గెలికేవాడు ఎవరికీ తెలియడు.

నాటుకోడి పులుసు గిన్నెలో వచ్చింది. పల్చగా ఉంది, ధనియాలూ కొబ్బరీ వాసన. పక్కన చెనక్కాయ చట్నీ, పచ్చి ఉల్లిపాయ. పక్కనున్న పెద్దాయన తన ముద్దలోంచి చిన్న తునక తుంచుతూ నా ఆకు వైపు చూశాడు.

"కొత్తనా సామీ? సంగటి నమలాకు. పులుసులో అద్ది మింగల్ల."

అలాగే తుంచాను, వేళ్లతో గుండ్రంగా చేసి పులుసులో ముంచి నోట్లో వేసుకున్నాను. నాలుకకు పులుసు రుచి తగిలిందో లేదో, తునక వెచ్చగా గొంతు దిగిపోయింది. నాలుగో తునకకు చెయ్యి అలవాటు పడింది. పెద్దాయనది ధర్మవరం వైపు పల్లె, చెనక్కాయ పంట. "పొద్దున ఒక ముద్ద తిని చేన్లోకి పోతే మద్దేన్నం దాకా ఆకలి మాటే ఉండదు" అన్నాడు.

ఆ మాట వెనక ఈ నేల కష్టమంతా ఉంది. నైరుతి వానల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం ఇంతదూరం వచ్చేసరికి చిక్కిపోతుంది. ఏడాదంతా కలిపి పడేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ నమ్మకం లేదు. వరికి చాలని తడిలో రాగి, జొన్న, కొర్ర, చెనక్కాయ పండాయి. కాబట్టే కొంచెం బియ్యానికి రాగిపిండి తోడైంది, చట్నీలోకీ పొడుల్లోకీ కూరల్లోకీ చెనక్కాయ వచ్చింది. కాలువ నీళ్ల మీద పెరిగిన నాకు, కరువుతో ఇన్ని తరాలు పోరాడిన వంట ఇంత రుచిగా ఉండటం చూస్తే ఆ ఇళ్ల ఆడవాళ్ల మీద గొప్ప గౌరవం కలుగుతోంది.

"ఇంగ రోంత ఏయమంటారా?" వడ్డించే కుర్రాడు ముద్ద పట్టుకునే నిలబడ్డాడు. సగం చాలన్నాను. సగం పెట్టి, గిన్నెనిండా పులుసు పోశాడు. చివర్లో ఉప్పేసిన మజ్జిగ.

లేచి చెయ్యి కడుక్కుని డబ్బులిస్తూ రాత్రికి ఏముంటాయని యజమానిని అడిగాను.

"సంగటి ఉండదు సార్. జొన్నరొట్టెలు కాలుస్తాం. పుల్లగూర, చెనక్కాయల పొడి. ఏడున్నరకంతా వచ్చేయండి, పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి వేయిస్తా."

నా రైలు తొమ్మిదింటికి.

"ఏడింటికే వస్తాను" అన్నాను.