ఒక్క దీపము నుండి చేతి ఫోను వరకు: మన ఇండ్లలో కుటుంబ ప్రార్థన



శతాబ్ది చరిత్ర వ్రాయునప్పుడు దేవాలయములు, పాఠశాలలు, వైద్యశాలలు ఏ యేట కట్టబడినవో వ్రాస్తాము. మన ఇండ్లలో సాయంకాలపు ప్రార్థన ఎట్లు సాగినదో వ్రాసేవారు తక్కువ. అయినను సంఘము వేరూనినది అక్కడనే. ఇంటిలోనికి ఒక్కొక్క యంత్రము వచ్చిన కొలది ఆ ప్రార్థన గడియ ఏమైనదో ఆలోచించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

1912 డిసెంబరు 29న అజరయ్యగారు కలకత్తాలో దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొందిన నాటికి మన పల్లెలలో విద్యుత్తు లేదు. పొద్దు గూకితే ఇంటికొక ఆముదపు దీపమో, కిరసనాయిలు బుడ్డియో వెలిగేది. నూనె ఖరీదు గనుక రెండవది వెలిగించేవారు కారు. కూలి నుండి వచ్చినవారు, పిల్లలు, ముసలివారు ఆ ఒక్క వెలుగు చుట్టూ చేరేవారు. చదువు వచ్చినవారు కొద్దిమందే. పల్లె ఉపాధ్యాయుడు నోటికి నేర్పిన కీర్తనలు, వాక్యములు ఇంటిలో మరల వల్లించేవారు. ఆ కూడికకు భక్తి ఎంత కారణమో, దీపము ఒక్కటే ఉండుట కూడ అంత కారణము.

ఆ దినములను బంగారు కాలమని పొగడుట సులభము. కాని ఆ వెలుగు దగ్గరకు తల్లి తరచుగా కడపట వచ్చేది. వడ్లు దంచుట, పిండి విసురుట, నీళ్ళు మోయుట, పుల్లల పొయ్యి ఊదుట ఆమెకు తీరేవి కావు. బియ్యపు మర, చేతి పంపు, మిక్సీ ఆమె నడుమునకు కొంత విశ్రాంతినిచ్చినవి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము క్రింద పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు అనేక వంటిండ్లలో పొగ తగ్గినది. యంత్రములన్నియు శాపమే అనువారు ఈ సంగతి మరువరాదు.

విద్యుత్తు వచ్చి గదికొక బల్బు వెలిగినప్పుడు కుటుంబము గదులలోనికి విడిపోయినది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది. రేడియో వింటూ పని చేసికొనవచ్చును. టెలివిజను అట్లు కాదు, కన్నులను కూడ అడుగును. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. వాటిలో మన రాష్ట్రపు గ్రామములు కూడ ఉన్నవి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వచ్చినది. 1987 జనవరిలో ఆదివారము ఉదయము రామాయణము ధారావాహిక మొదలైనప్పుడు దేశమంతయు టీవీ ముందు కూర్చున్నది. అది మన ఆరాధన వేళ కూడ. అయినను టీవీ ఇంటికొక్కటే గనుక చూచేవారు కలిసియే చూచేవారు.

చేతి ఫోను ఆ కలయికను కూడ మార్చినది. 2016 తరువాత ఇంటర్నెట్టు చవుక కాగా, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క దీపము వెలిగినది. నలుగురు ఒకే చాపపై కూర్చుండియు నాలుగు చోట్ల ఉన్నారు. అయితే 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దేవాలయముల తలుపులు మూయబడినప్పుడు ఆ ఫోనే ఆరాధనను ఇంటికి మోసికొని వచ్చినది. పరదేశమందున్న కుమారుడు తల్లితోకూడ మోకాళ్ళూనుటకు అదే సాధనమైనది.

కాబట్టి నేరము యంత్రముపై మోపి ఊరకుండరాదు. నాడు చీకటి మనలను కూర్చినది. నేడు మనమే కూడుకొనవలెను. యెహోషువ తన ఇంటివారి పక్షమున చేసిన నిర్ణయము ప్రతి యింటి పెద్ద నేడు మరల చేయవలసినదే. రాత్రి భోజనమునకు ముందు ఒక అరగంట ఫోనులన్నియు గూటిలో పెట్టండి. దూరముననున్న బిడ్డ కొరకు ఒక్కటి మాత్రము తెరచి ఉంచండి. వాక్యము చిన్నవారిచేత చదివించండి. తల్లి వచ్చి కూర్చున్న తరువాతనే ప్రార్థన మొదలుపెట్టండి.

రాబోవు నూరేండ్ల చరిత్ర ఆ అరగంటలోనే ఆరంభమగును.