భట్టిప్రోలు భరిణెలు

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలులో భట్టిప్రోలు స్టేషనున దిగి ఊరిలోనికి నడచినచో పెద్ద ఇటుకదిబ్బ యొకటి కనబడును. అది బౌద్ధస్తూపము. స్తూపమనగా మొదట సమాధియే. దహనము చేసిన పిదప మిగిలిన అస్థులను నడుమ నుంచి, వానిపై గుట్టవలె కట్టిన కట్టడము.

1892లో అలెగ్జాండర్ రీ ఈ దిబ్బను త్రవ్వించగా లోపల మూడు రాతి భరిణెలు దొరకినవి. వానిలో స్ఫటికపు పెట్టెలు, ఎముక తునకలు, బంగారు పూలు, ముత్యములు, పూసలు ఉన్నవి. భరిణెలపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో వ్రాతలు గలవు. వానిని బ్యూలర్ పండితుడు చదివి, క్రీ.పూ. 200 ప్రాంతమువని తలచెను. తేదీ విషయమున పండితులందరికి ఏకాభిప్రాయము లేదు.

ఒక వ్రాతలో కుబిరకుడను రాజు పేరున్నది. నాకు మాత్రము రాజుకంటె మొదటి భరిణెమీది కుటుంబమే ముఖ్యముగా తోచును. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అనువారు బుద్ధధాతువుల నుంచుటకై ఈ మంజూషను, స్ఫటికపు పెట్టెను చేయించిరని అందున్నది. ప్రాకృతమున ఆ పెట్టెకు ‘ఫలిగ సముగము’ అని పేరు. ఫలిగమనగా స్ఫటికము, సముగమనగా మూతగల పెట్టె. మాట రాతిమీద నున్నది, వస్తువు రాతిలోపల దొరకినది! శాసనములలో ఇట్టి సాక్ష్యము తరచుగా లభింపదు. అదియు మరల ఎవరును చూడరాదని ఇటుకలక్రింద మూసివేసిన వ్రాత.

ఇంత జాగ్రత్తగా దాచినను, రీ వచ్చునప్పటికే దిబ్బ చాలవరకు పోయినది. ఇటుకలు రోడ్లకు, చెక్కిన పాలరాళ్లు వెల్లటూరు కాలువ తూమునకు చేరినవి. కట్టినవారికి అది చేతికందిన రాతిగని. ఏ శిల ఎచ్చటిదో తెలియనిచో, అది చెప్పగల చరిత్రలో సగము పోయినట్లే.

ఇంచుమించు ఆ కాలముననే చీనాదేశమును హాన్ వంశమువారు (క్రీ.పూ. 206 - క్రీ.శ. 220) పాలించిరి. అచ్చట మృతులకు పరలోకమున పనికివచ్చునని కుండలను, మట్టితో చేసిన పొయ్యిలను, ధాన్యపు గాదెలను సమాధులలో పెట్టెడివారు. 1995లో ఐ వైవై అను చీనా కళాకారుడు హాన్ కాలపు కుండ నొకదానిని చేతులనుండి జారవిడిచి పగులగొట్టి, ఆ పనిని మూడు ఫోటోలుగా చూపెను. పాతవస్తువునకు విలువ కట్టువారెవరని అతని ప్రశ్న. పలువురు మండిపడిరి. నాకును ఆ పని రుచింపదు. కాని వెల్లటూరు తూములో పోయిన శిల్పములకై మండిపడినవారెందరు?

త్రవ్వకమును ఆ సమాధిని విడదీయకపోలేదు. భరిణెలు మదరాసు మ్యూజియమునకు చేరినవి. అస్థిధాతువు మహాబోధి సభకు ఇయ్యబడి, 1920లో కలకత్తాలోని శ్రీధర్మరాజిక చైత్యవిహారమున మరల ప్రతిష్ఠింపబడినది. భట్టిప్రోలులో మిగిలినవి ఇటుకలు. విద్యార్థులతో అచ్చటికి పోవు ఉపాధ్యాయుడు కురుని కుటుంబపు వాక్యమును ముందుగానే వ్రాసికొనిపోయి, ఆ దిబ్బ ప్రక్కనే చదివింపవచ్చును.