మూర్ మార్కెట్లో దొరికిన పావ్లోవా

పావ్లోవా అంటే తినే పదార్థమని సెల్లులో వచ్చిందా పాపా? వస్తది లే. కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి చేసే తీపి అది. మాదంటే మాదని ఆస్ట్రేలియావాళ్ళు, న్యూజిలాండువాళ్ళు ఇప్పటికీ కొట్లాడుకుంటాండారు. ఆ తీపికి పేరిచ్చిన మనిషి ఆన్నా పావ్లోవా, రష్యా బాలే ఆడిన ఆయమ్మ. ఆయమ్మ జీవితచరిత్ర కోసం నేను తిరిగిన తిరుగుడు చెప్తా, ఇట్లా జరగండి. అబ్బీ, ఆ పత్తికట్టె కొంచెం లోపలికి తొయ్ రా.

మా వయసులో నంద్యాలలో రష్యా అంటే విశాలాంధ్ర పుస్తకాలే. గట్టి అట్ట, మంచి కాగితం, ధర చూస్తే నవ్వొచ్చేంత తక్కువ. ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో కూర్చోని తెలుగు చేసిన పుస్తకాలు ఆళ్ళగడ్డ దాకా వచ్చేటివి. ‘సోవియట్ భూమి’ పత్రిక సరేసరి, చదివినాక పిల్లోళ్ళ నోటుబుక్కులకు దాంతోనే అట్టలేసేటోళ్ళం. అందులో బాలే ఆడే గలీనా ఉలనోవా బొమ్మ చూస్తి, మాయా ప్లిసెత్‌స్కయా బొమ్మ చూస్తి. పావ్లోవా మాత్రం నాకు కనపడలా. 1914లో రష్యా నుంచి బయటపడిన మనిషి మళ్ళా పోలేదు, లండన్లోనే ఇల్లు కొనుక్కోని ఉండిపాయ. ఇల్లు ఇడిసిపోయినోళ్ళ ముచ్చట ఇంటోళ్ళు ఎందుకు చెప్తారు?

ఒకసారి అంగట్లో పావ్లోవా పుస్తకం ఉందా అంటే, ఉండాదని కుక్కల మీద పరీక్షలు చేసిన పావ్లోవ్ పుస్తకం చేతిలో పెట్టినాడు! తప్పు పట్టేదానికి లేదు. ఆయన పనిచేసిందీ, ఈయమ్మ పుట్టిందీ పీటర్స్‌బర్గే.

ఇంక మద్రాసే దిక్కు. ఆళ్ళగడ్డలో బస్సెక్కి మైదుకూరు మీద కడపకు పోయి, ఆడ రైలు పట్టుకుంటే సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్. 1985లో కాలిపాయ గానీ, అంతకుముందు పాత పుస్తకాలకు అట్లాంటి జాగా ఇంకోటి లేదు. ఆడ అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం దొరికె. రాసినాయన విక్టర్ దాంద్రే. ఆయమ్మ వ్యవహారాలన్నీ చూసుకున్న మనిషి, మొగుణ్ణని కూడా చెప్పుకునె. ఆయమ్మ 1931 జనవరిలో హేగ్‌లో పోతే, మరుసటేడే పుస్తకం తెచ్చె.

నిఘంటువు పక్కన పెట్టుకోని చదివితి. రాణి గురించి దివాను రాసినట్లుంటది. పొగడ్త ఎంతైనా ఉంటది, మనం అడగాలనుకున్నది మాత్రం ఉండదు. తరవాత థియొడోర్ స్టయర్ రాసింది దొరికె. ఆయమ్మ వాద్యబృందాన్ని నడిపిన మనిషి, 1927లోనే, ఆయమ్మ బతికుండంగానే రాసినాడు. నన్నడిగితే ముందు దాన్ని చదవాల. పుట్టిన ఏడు కాడ పాత పుస్తకాలు ఒకదాంతో ఒకటి కలవవు. 1881 అని ఇప్పుడు తేల్చినారు. తండ్రి ఎవరనే కాడ రచ్చ, దాంద్రేతో పెండ్లి అయిందా లేదా అనే కాడ ఇంకో రచ్చ. తల్లి బట్టలుతికి సాకిందనీ, ఎనిమిదేండ్లప్పుడు మారిన్‌స్కీ థియేటరులో ‘స్లీపింగ్ బ్యూటీ’ చూపించిందనీ, ఆ రాత్రే ఈ బిడ్డ మనసు ఆటలో పడిందనీ మాత్రం అందరూ ఒప్పుకుంటారు. 1891లో బాలే బడిలో చేరి, 1899లో బయటికొచ్చె. చచ్చిపోయే హంస ఆట ఫోకిన్ అనే ఆయన కూర్చింది ఈయమ్మ కోసమే. ఆడేది కొన్ని నిమిషాలే, ప్రపంచమంతా తిరిగి ఆడింది దాన్నే.

ఆ పుస్తకాల్లో ఒకదాంట్లో బొటనేలి కొన మీద నిలబడిన బొమ్మను మన ఆళ్ళగడ్డ శిల్పి ఒకాయనకు చూపిస్తి. తిప్పి తిప్పి చూసి, “రాతిలో ఇది నిలబడదు సామీ, మడమ కింద ఆసరా ఇడిసిపెట్టాల” అనె. ఆయమ్మ కూడా ఆసరా పెట్టుకునిందే! పాదం వంపు మరీ ఎక్కువ, ఏళ్ళ మీద బరువు ఆగేది కాదు. చెప్పులోపల గట్టి తోలు పెట్టుకునేది, ముందుభాగం గట్టిపరుచుకునేది. అది మోసమని ఆ కాలంలో ఆడిపోసుకున్నోళ్ళు ఉండ్రి. తరవాత అందరూ అట్లాంటి చెప్పులే తొడుక్కునిరి.

అయితే పాపా, నాకు ఆయమ్మ బాగా దొరికింది ఆయమ్మ మీద రాసిన పుస్తకాల్లో కాదు, మనోళ్ళ బతుకుల్లో. 1923లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో పావ్లోవా రాధ అయితే కృష్ణుడు ఎవరనుకుంటివి? ఉదయశంకర్! బొమ్మలేసే చదువు కోసం పోయిన పిల్లోణ్ణి ఆటలోకి దింపె. 1928లో బొంబాయిలో ఆయమ్మ ఆట చూసిన రుక్మిణీదేవి అరండేల్, ఆస్ట్రేలియాకు అదే ఓడలో పోయె. ఓడలో స్నేహం కుదిరి, బృందంలోని క్లియో నోర్ది కాడ బాలే నేర్చుకునె. మీ దేశం ఆట మీరు ఎతుక్కోండని చెప్పింది పావ్లోవానే. ఆ ఏడే నవంబరులో మన నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగితే, చిలుకూరి నారాయణరావు గారు దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టించె. మనం పేరు మార్చుకుంటున్నప్పుడు రుక్మిణీదేవి దారి మార్చుకుంటాండాది!

ఎనిమిదేండ్లకు, 1936లో, రుక్మిణీదేవి కళాక్షేత్ర పెట్టె. మన మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి భరతనాట్యం నేర్చుకునింది ఆడనే. యామినీ రాసుకున్న జీవితకథ ఇంగ్లీషుది నా ఇనప్పెట్టెలోనే ఉండాల, పొద్దన ఎతికి ఇస్తా. ఇంక నీళ్ళు పోసి మంట ఆర్పండి, పక్కనే గడ్డివామి ఉండాది.